ఎండకి నల్లబడే అద్దాలు కారులో నల్లబడట్లేదు, షాపోడేమో "ఎండ సరిపోలేదు సార్" అంటున్నాడు

బెజవాడ_బాబ్జీ
అందరికీ నమస్కారం. నాకు 46 ఏళ్ళు, దూరపు సైటు కాలేజీ రోజుల్నుంచీ ఉంది, ఇప్పుడు చత్వారం కూడా తోడైంది. మందుల కంపెనీలో రిప్రజెంటేటివ్‌ని, రోజూ బెజవాడ నుంచి గుంటూరు, తెనాలి, వారానికోసారి ఒంగోలు, కారేసుకుని తిరుగుడే తిరుగుడు. మిట్టమధ్యాహ్నం హైవే తెల్లగా మెరుస్తుంటే కళ్ళు చికిలించి చికిలించి సాయంత్రానికి నుదురంతా నొప్పి. సరే అని మొన్న ప్రోగ్రెసివ్‌లోనే, అంటే దూరానికీ దగ్గరకీ ఒకే లెన్సులో పవరుండే రకంలోనే, ఫోటోక్రోమిక్ (ఎండకి నల్లబడేవి) వేయించా, లెన్సులకే ఆరు వేల రెండొందలు అయింది, ఫ్రేమ్ పాతదే. షాపులో కుర్రాడు ఒక చిన్న టార్చి లైటు కొట్టి చూపించాడు, పది సెకన్లలో బొగ్గులా అయిపోయింది, అబ్బో అనుకున్నా. తీరా కారెక్కితే ఏమీ లేదు, మామూలు తెల్లద్దాలే. దిగి రోడ్డు మీద నిలబడితే నల్లబడుతున్నాయి, ఎక్కితే మళ్ళీ తెల్లబడుతున్నాయి. వెనక్కి తీసుకెళ్ళి అడిగితే "ఎండ సరిపోయి ఉండదు సార్" అన్నాడు. మే నెల. బెజవాడ. ఎండ సరిపోలేదంట. ఇంకెక్కడికెళ్ళాలి నేను, సూర్యుడి దగ్గరికా? నన్ను మోసం చేశారా, లేక ఇవి ఇంతేనా, తెలిసినవాళ్ళు చెప్పండి.

లెన్స్_మేస్త్రి
బాబ్జీ గారూ, మీ లెన్సు మంచిదే, చెప్పినవాడికే విషయం తెలీదు. నేను హైదరాబాద్‌లో పదకొండేళ్ళుగా ఇదే పనిలో ఉన్నా, మొదట కౌంటర్లో, ఇప్పుడు ల్యాబులో. ఈ కంప్లయింటు వారానికి నాలుగైనా వస్తాయి.

ఈ అద్దాలు వెలుతురుకి నల్లబడవు, అతినీలలోహిత కిరణాలకి, అంటే యూవీకి నల్లబడతాయి. వెలుతురు మన కంటికి కనిపించేది, యూవీ కనపడనిది, రెండూ ఎండలో కలిసే వస్తాయి కాబట్టి మనకి తేడా తెలీదు. మీ కారు ముందు అద్దం ఒకటే అద్దం కాదు, రెండు గాజు పలకల మధ్య ఒక ప్లాస్టిక్ పొర పెట్టి అతికిస్తారు, యాక్సిడెంట్ అయితే పెంకులు మొహం మీద పడకుండా. ఆ పొర యూవీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. వెలుతురు లోపలికొస్తుంది, యూవీ బయటే ఆగిపోతుంది. మీ కళ్ళకి మంట, లెన్సుకి మాత్రం రాత్రి అయినట్టే. షాపులో కొట్టింది యూవీ టార్చి, దొంగనోట్లు పట్టడానికి వాడతారే, అదే. దాని కింద ఏ ఫోటోక్రోమిక్ అయినా హీరోనే.

సీమ_సిన్నోడు
అట్లయితే నాదొక డౌటు అన్నా. నేను అనంతపురంలో లోన్ రికవరీకి తిరిగేది బైకులోనే. హెల్మెట్ అద్దం దించితే కళ్ళజోడు తెల్లగుంటాది, ఎత్తితే నల్లబడతాది. నేనేమో అద్దాలు పాడయినాయేమో అనుకోని షాపు మార్చినాను, ఆడ ఇంకో జత కొన్యాను, అదీ అట్లే చేస్తాండాది. అంటే హెల్మెట్‌ది కూడా ఇదే కతేనా?

లెన్స్_మేస్త్రి
అదే కథ తమ్ముడూ. వైజర్, అంటే నువ్వు దించే ఆ అద్దం, పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్, అది పుట్టుకతోనే యూవీ ఆపుతుంది. రెండో జత డబ్బులు పోయినట్టే 😀

సీమ_సిన్నోడు
పోయినాయిలే సామీ. ఇంట్లో చెప్పొద్దండి.

ఓరుగల్లు_టీచరమ్మ
బాబ్జీ అన్నా, నువ్వు నయ్యం, నీది కారు వరకే. నా పెండ్లి పగటి ముహూర్తం, మా ఊర్ల ఇంటి ముంగట పందిరేసిన్రు. నాకు మైనస్ ఐదున్నర, అద్దాలు లేకపోతే పెండ్లికొడుకు ఎవరో కూడా కనవడడు, లెన్సులు పెట్టుకుంటే కండ్లు ఎర్రగైతయ్. గందుకే అద్దాలతోనే కూసున్న. అయి ఫోటోక్రోమిక్ అని అసలు యాదికే లేదు. పందిరి కిందున్నప్పుడు మంచిగనే ఉన్నయ్, అరుంధతి నక్షత్రం సూపిచ్చేటందుకు బయటికి తోల్కపోయిన్రు గదా, ఇగ గంతే. ఆల్బంల ఆ పేజీ తీస్తే పట్టుచీర, బాసింగం, నల్లద్దాలు. పట్టపగలు నల్లద్దాలు పెట్టుకొని నక్షత్రం సూస్తున్న. మా అత్తమ్మ ఇప్పటికీ ఎవరొచ్చినా ఆ ఫోటోనే ముందు సూపిస్తది.

గోదారి_రాజు
టీచరుగారూ ఆ ఫోటో మీద దండం పెట్టి నవ్వుకున్నానండి 😂

బెజవాడ_బాబ్జీ
మేస్త్రి గారూ కారు సంగతి అర్థమైంది, థాంక్స్. కానీ ఇంకోటి. దిగినప్పుడు కూడా షాపులో చూపించినంత నల్లగా అవట్లేదు. పోయిన డిసెంబర్లో మా బావమరిది అరకు తీసుకొచ్చాడు అవే అద్దాలు, అక్కడ ఫోటోల్లో వాడి కళ్ళే కనపడట్లేదు అంత నలుపు. నావి మే ఎండలో కూడా బూడిద రంగు దగ్గరే ఆగిపోతున్నాయి. ఎండ ఎక్కువైతే నలుపు ఎక్కువ అవ్వాలి కదా, ఇదేం లెక్క?

లెన్స్_మేస్త్రి
దీనికి కొంచెం లోపలికెళ్ళాలి, బోరు కొడితే వదిలెయ్యండి.

ప్లాస్టిక్ లెన్సు పైపొరలోనో లోపలో నాఫ్తోపైరాన్ లాంటి రంగు అణువులు కలుపుతారు. మామూలుగా ఆ అణువు ముడుచుకుని ఉంటుంది, రంగుండదు. యూవీ తగలగానే దాంట్లో ఒక బంధం తెగి, గొడుగు విప్పినట్టు విచ్చుకుంటుంది, అప్పుడు వెలుతురుని పీల్చుకోవడం మొదలెడుతుంది, అదే మనకి నలుపు. ఇక్కడే మెలిక. విప్పేది యూవీ, మూసేది వేడి. అంటే ఎండలో నిలబడ్డప్పుడు రెండు పనులూ ఒకేసారి జరుగుతుంటాయి, యూవీ గొడుగులు విప్పుతూ పోతుంది, వేడి వెనకాలే మూసుకుంటూ వస్తుంది. అరకు చలిలో మూసేవాడు లేడు కాబట్టి అన్నీ విప్పుకునే ఉన్నాయి. బెజవాడ 44 డిగ్రీల్లో విప్పినవాటిని విప్పినట్టే వేడి మూసేస్తోంది. అందుకే మన ఎండాకాలంలో ఈ లెన్సు దాని పూర్తి బలం ఎప్పుడూ చూపించదు.

వీటికి అంతర్జాతీయంగా ఒక ప్రమాణం ఉంది, ఐఎస్ఓ 8980-3, దాంట్లో మామూలు పరీక్ష 23 డిగ్రీల దగ్గర చేస్తారు, వేడికి ఎంత మారుతుందో చూడ్డానికి 5 దగ్గరా 35 దగ్గరా చేస్తారు. బ్రోచర్లో గొప్పగా వేసుకునే నలుపు 23 డిగ్రీలది. మన దగ్గర మేలో 23 డిగ్రీలు అంటే ఏసీ రిమోట్ మీద తప్ప ఇంకెక్కడా కనపడదు.

న్యూజెర్సీ_సుబ్బు
హండ్రెడ్ పర్సెంట్ కరెక్ట్. మాది నరసరావుపేట, ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్ళు. జనవరిలో మైనస్ పది ఉన్నప్పుడు మంచు తవ్వడానికి బయటికెళ్తానా, కింద మంచు మీద నుంచి కూడా యూవీ కొడుతుంది కదా, రెండు నిమిషాల్లో కటిక చీకటి. పని అయ్యాక ఇంట్లోకొస్తే మా ఆవిడ ఎదురుగా నిలబడ్డా కనపడదు, పైగా చలిలో నుంచి రావడంతో అద్దాల మీద ఆవిరి. అవి తేలిక పడటానికి టీ తాగినంత సేపు పడుతుంది. అవే అద్దాలు వేసుకుని జూన్లో పేటకి వచ్చా, మా నాన్న "ఇవి మామూలు అద్దాలేగా, ఏవో మారతాయన్నావు" అన్నారు. పరువు పోయింది.

గోదారి_రాజు
పాత గాజు అద్దాలు ఇలా ఉండేవి కాదేమోనండి. మా తాతగారికి ఫోటోగ్రే అనేవాళ్ళు, బరువుగా ఉండేవి, ముక్కు మీద రెండు గుంటలు పడిపోయేవి ఆయనకి. ప్లస్ పవరు. నల్లబడితే మధ్యలో ముదురుగా చుట్టూ లేతగా ఉండేది, చిన్నప్పుడు నేను తాతయ్య కళ్ళు నేరేడుపళ్ళు అనేవాణ్ణంట.

లెన్స్_మేస్త్రి
రాజు గారూ భలే గుర్తుపెట్టుకున్నారు. అవి అసలు సిసలు మొదటి తరం. అమెరికాలో కార్నింగ్ అనే గాజు కంపెనీలో డొనాల్డ్ స్టూకీ, విలియం ఆర్మిస్టెడ్ అని ఇద్దరు 1960ల్లో చేశారు. గాజు కరిగించేటప్పుడే వెండి లవణాల సన్నటి రేణువులు, చిటికెడు రాగి కలుపుతారు. యూవీ తగిలితే వెండి విడిపోయి నల్లబడుతుంది, నీడకొస్తే మళ్ళీ లవణంలో కలిసిపోతుంది. పాత ఫోటో ఫిల్ములో జరిగేది కూడా ఇలాంటిదే, కాకపోతే ఫిల్ములో వెనక్కి రాదు, గాజులో బందీ అయి ఉంటుంది కాబట్టి వస్తుంది. రంగు గాజు అంతటా ఉంటుంది కదా, ప్లస్ లెన్సు మధ్యలో లావు కాబట్టి అక్కడ ముదురు, మైనస్‌కి అంచులు లావు కాబట్టి అంచుల్లో ముదురు. ప్లాస్టిక్‌లో ఎక్కువ వాటికి రంగు పైపొరలోనే సమానంగా ఉంటుంది, ఆ నేరేడుపండు ఇప్పుడు కనపడదు. ప్లాస్టిక్‌వి బాగా జనంలోకి వచ్చింది 1990ల్లో ట్రాన్సిషన్స్ అనే బ్రాండు వచ్చాకే, ఆ పేరే వాటికి జాతి పేరైపోయింది, ఫోటోకాపీని జిరాక్స్ అన్నట్టు.

కొత్తగా_చేరా
నీలం కాంతి ఆపే బ్లూకట్ లెన్సు వేయించుకోండి అన్నా అన్నీ పోతాయి. మా షాపులో లేజర్ కొట్టి చూపించారు, నీలం లైటు అస్సలు దాటలేదు.

లెన్స్_మేస్త్రి
తమ్ముడూ ఆ లేజర్ నేనూ కొట్టా కౌంటర్లో ఉన్నప్పుడు, చాలామందికి. సిగ్గుపడుతున్నా. ఆ పెన్ను ఇచ్చేది ఒకే ఒక్క రకం ఊదారంగు కాంతి, దాన్ని ఆపితే కళ్ళకి ఏదో జరిగిపోయినట్టు కాదు. 2023లో కాక్రేన్ అని, వైద్య పరిశోధనలన్నీ కలిపి సమీక్షించే సంస్థ వాళ్ళు 17 ట్రయల్స్ కలిపి చూశారు, కంప్యూటర్ ముందు కళ్ళ అలసట తగ్గడంలో మామూలు లెన్సుకీ దీనికీ తేడా కనపడలేదు. బాబ్జీ గారి సమస్య ఎండ మెరుపు, దానికీ దీనికీ సంబంధమే లేదు.

బెజవాడ_బాబ్జీ
సరే మరి నేనేం చెయ్యాలి? కారు అద్దాలకి ఫిల్మ్ వేయించేద్దామా?

న్యూజెర్సీ_సుబ్బు
ఇండియాలో ఫిల్మ్ మీద 2012లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది కదా బాబాయ్. కంపెనీ నుంచి వచ్చిన అద్దమే ముందూ వెనకా 70 శాతం, పక్కన 50 శాతం వెలుతురు వదలాలి, దాని మీద బయట ఫిల్మ్ అతికించడానికి లేదు అని అప్పట్లో చెప్పింది. ఇప్పటి రూలు ఏంటో కనుక్కోకుండా వేయించకు, వారధి దాటగానే చలానా రాసినా రాస్తారు.

సీమ_సిన్నోడు
ఆగండన్నా, నాకొకటి అర్థం కాలే. కారు అద్దంలో యూవీ రాదంటిరే, మా మామ టాక్సీ తోల్తాడు, ఆయప్ప కుడిచెయ్యి ఒకటే నల్లగ మాడిపోయింటాది, ఎడంచెయ్యి మామూలుగుంటాది. అదెట్ల?

లెన్స్_మేస్త్రి
ఇదీ ప్రశ్నంటే 👏 ముందు అద్దం వేరు, తలుపు అద్దం వేరు. తలుపుది ఎక్కువ కార్లలో ఒంటి పలక, మధ్యలో ఆ ప్లాస్టిక్ పొర ఉండదు. చర్మాన్ని నల్లబరిచే యూవీ-ఏ దాంట్లోంచి బాగానే వస్తుంది. మనకి స్టీరింగ్ కుడివైపు కాబట్టి కుడిచెయ్యి. పైగా మీ మామ అద్దం దించుకుని చెయ్యి బయట పెట్టుకుని తోలతాడేమో కూడా చూడు 😀

గోదారి_రాజు
బాబ్జీగారూ నా అనుభవం చెబుతానండి, పనికొస్తే తీసుకోండి. మాకు భీమవరం దగ్గర రొయ్యల చెరువులు ఉన్నాయి. మధ్యాహ్నం గట్టు మీద నిలబడితే నీళ్ళు స్టీలు పళ్ళెంలా ఉంటాయి, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్ తిరిగే చోట ఇంకా ఘోరం, కళ్ళు నిలవవు. ముందు నేనూ ఫోటోక్రోమిక్ వేయించా. నల్లబడేవి, నల్లబడితే మెరుపూ నల్లగా మెరిసేది తప్ప పోయేది కాదు. తరవాత మా తోడల్లుడు పోలరైజ్డ్‌వి ఇచ్చి పెట్టుకోమన్నాడండి. పెట్టుకోగానే నీళ్ళ మీద తెర లాగేసినట్టయింది. గట్టు వారన జానెడు లోతులో మేత చెక్‌ట్రే తాడు కనపడింది, దాని మీద పట్టిన పాచి కనపడింది. తల పక్కకి వంచితే మళ్ళీ పళ్ళెం, నిటారుగా పెడితే మళ్ళీ నీళ్ళు. ఓ పది నిమిషాలు కోడిలాగా తల వంచుతూ ఎత్తుతూ ఉంటే మా పనివాడు ఎండదెబ్బ తగిలిందనుకుని మజ్జిగ తెచ్చాడండి.

హైవే మెరుపు కూడా ఆ నీళ్ళ మెరుపు లాంటిదేనేమో మరి, మేస్త్రిగారు చెప్పాలి.

లెన్స్_మేస్త్రి
అదేనండి. నీళ్ళు, తారు రోడ్డు, మన కారు బానెట్టు, వీటి మీద పడి తిరిగొచ్చే వెలుగు ఎక్కువభాగం అడ్డంగా ఊగుతూ వస్తుంది. పోలరైజ్డ్ లెన్సు నిలువు ఊచల కిటికీ అనుకోండి, అడ్డంగా వచ్చేదాన్ని రానివ్వదు. అందుకే తల వంచితే ఊచలూ వంగి లోపలికొచ్చేసింది. దీనికి యూవీతో పని లేదు, వేడితో పని లేదు, కాబట్టి కారులో మేలో కూడా ఒకేలా పనిచేస్తుంది. బాబ్జీ గారికి నేను చెప్పేది అదే, ఉన్న ఫోటోక్రోమిక్ నడకకీ డాక్టర్ల వెయిటింగ్ హాళ్ళకీ ఉంచుకోండి, కారుకి మాత్రం మీ దూరం పవర్‌తో విడిగా ఒక పోలరైజ్డ్ జత చేయించి డాష్‌బోర్డులో పడెయ్యండి. కారులో కూడా కాస్త నల్లబడే రకం ఫోటోక్రోమిక్‌లు ఉన్నాయి, ట్రాన్సిషన్స్‌లోనే ఎక్స్‌ట్రాయాక్టివ్ అని, అవి కంటికి కనిపించే వెలుతురుకి కూడా స్పందిస్తాయి, కానీ ఇంట్లో కూడా లేత ఛాయ ఉంటుంది, మీ రోడ్డుకి అది చాలదు.

రంగు గోధుమ రంగు తీసుకోండి, రోడ్డు మీద గుంతలూ స్పీడ్ బ్రేకర్లూ విడిగా కనపడతాయి. బూడిద రంగు అయితే రంగులు ఉన్నవి ఉన్నట్టు కనపడతాయి, అదీ మంచిదే. ముదురు మాత్రం మరీ పోకండి. అద్దాల్లో కేటగిరీలు 0 నుంచి 4 దాకా ఉంటాయి, 3 అంటే 8 నుంచి 18 శాతం వెలుతురు వదుల్తుంది, ఎండకి అది చాలు. 4 అయితే 3 నుంచి 8 శాతమే, అది పెట్టుకుని బండి నడపకూడదు.

ఓరుగల్లు_టీచరమ్మ
మామూలు కలర్ వేస్తరు గదా షాపులల్ల, సగం ముదురు సగం లేత, అది సాలదా? మా చెల్లె గులాబిరంగు ఏపిచ్చుకున్నది, మస్తు ఉన్నయ్.

లెన్స్_మేస్త్రి
వేస్తాం అక్కా, నాకు అన్నిట్లోకీ ఇష్టమైన పని అదే. మామూలు ప్లాస్టిక్ లెన్సుని క్లిప్పుకి తగిలించి, మరుగుకి కాస్త తక్కువ వేడిలో ఉన్న రంగు గిన్నెలో ముంచుతాం, అచ్చం బట్టల అద్దకమే. సగం సగం కావాలంటే పైభాగం ఎక్కువసేపు నానేలా మెల్లిగా పైకీ కిందకీ ఆడించాలి, చెయ్యి ఆగితే గీత పడుతుంది. రెండో లెన్సు మొదటిదానికి కలవాలి, తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టి చూస్తాం, కలవకపోతే మళ్ళీ ముంచుడే. పాలీకార్బొనేట్ ఈ రంగు సరిగ్గా తాగదు, దాని కోటింగే తాగాలి.

ఒక్క జాగ్రత్త. రంగు వేరు, యూవీ రక్షణ వేరు. పైకి నల్లగా ఉండి యూవీ ఆపని చవక అద్దం పెట్టుకుంటే కంటిపాప చీకటనుకుని పెద్దదవుతుంది, అప్పుడు యూవీ ఇంకా ఎక్కువ లోపలికి పోతుంది. ఏమీ పెట్టుకోకపోవడమే నయం. యూవీ 400 (అంటే 400 నానోమీటర్ల దాకా యూవీ ఆపేది) ఉందో లేదో షాపులో మీటర్లో పెట్టి చూపించమనండి, నిమిషం పని. గులాబిరంగు సరదాకే కాదు, ఎఫ్ఎల్-41 అని ఒక రకం గులాబి ఛాయ మైగ్రేన్‌తో వెలుతురు భరించలేనివాళ్ళకి రాస్తుంటారు.

కొత్తగా_చేరా
అన్నా రాత్రి డ్రైవింగ్‌కి పసుపు అద్దాలు? టోల్ దగ్గర అమ్ముతారు కదా, ఎదుటి లైట్లు కొట్టవంటారు.

లెన్స్_మేస్త్రి
ఎదుటి లైటుతో పాటు రోడ్డు దాటే ముసలాయన కూడా తగ్గి కనపడతాడు. అమెరికాలో డ్రైవింగ్ సిమ్యులేటర్ మీద పెట్టి చూశారు, 2019లో వచ్చింది ఆ పేపరు, పసుపు అద్దాల వల్ల మనిషిని గుర్తుపట్టడం ఏమీ మెరుగవ్వలేదు. రాత్రికి శుభ్రంగా తుడిచిన తెల్లద్దం, యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్. అంతే.

ఓరుగల్లు_టీచరమ్మ
ఇంకొక్కటి అడుగుత, ఏమనుకోకు. మా మామయ్యకు పోయిన నెల శుక్లాల ఆపరేషన్ అయింది. ఇప్పుడు అద్దాలు రాస్తరంట, ఫోటోక్రోమిక్ కావాల్నని ఆయన పట్టు. ఆయనేమో రోజూ భద్రకాళి గుడికి పోతడు.

గోదారి_రాజు
టీచరుగారూ వద్దండి. మా నాన్నగారు పాలకొల్లు క్షీరారామంలో ఇలాగే ఎండలోంచి సరాసరి లోపలికి అడుగేశారు, అద్దాలు ఇంకా నల్లగానే ఉన్నాయి, లోపల దీపం వెలుతురు తప్ప లేదు, గడప కనపడక బోర్లా పడ్డారు. మణికట్టు విరిగింది. నల్లబడటం అర నిమిషం, తెల్లబడటానికి మాత్రం నిమిషాలకి నిమిషాలు. పెద్దవాళ్ళకి అదే ప్రమాదమండి.

లెన్స్_మేస్త్రి
రాజు గారు చెప్పింది లక్ష రూపాయల మాట. ఆపరేషన్లో పెట్టే కృత్రిమ లెన్సుల్లో ఎక్కువ వాటికి యూవీ ఆపే గుణం ఉంటుంది, కాబట్టి దానికోసం భయపడక్కర్లేదు, డాక్టర్ని ఒక్క మాట అడగండి. పవర్ కుదురుకున్నాక తెల్లద్దం చేయించి, ఎండకి పైన తగిలించుకునే క్లిప్ నలుపు ఇవ్వండి. గుడి మెట్ల దగ్గర తీసి జేబులో వేసుకుంటారు.

బెజవాడ_బాబ్జీ
మూడు వారాల తరవాత వస్తున్నా, సారీ. గోధుమరంగు పోలరైజ్డ్ చేయించా, దూరం పవర్ మాత్రమే, వేరే షాపులో. నిన్న ఒంగోలు వెళ్ళొచ్చా, నుదురు నొప్పి లేదు, ముందు లారీ వెనక అద్దం నిప్పు కణికలా ఉండేది, అక్కడ ఇప్పుడు ఊరికే అద్దం ఉంది. రెండు తంటాలు. పెట్రోల్ బంకులో మెషిన్ మీద అంకెలు కనపడలేదు, సున్నా చూసుకోండి సార్ అంటాడు, నాకు నల్లపలక తప్ప ఏమీ లేదు, తల వంచి చూస్తే అప్పుడు వచ్చింది. రాజు గారి కోడి గుర్తొచ్చింది. రెండోది, దూరం పవరే కదా, ఫోన్లో డాక్టర్ పేరు చదవాలంటే అద్దాలు నుదుటి మీదకి ఎత్తుకోవాలి.

పాత షాపుకి కూడా వెళ్ళా, మేస్త్రి గారు చెప్పిన ముందు అద్దం సంగతి ఆ కుర్రాడికి చెప్పా. శ్రద్ధగా విని, "అయితే ఇకనుంచి కారున్నవాళ్ళకి పోలరైజ్డ్ కూడా చెప్పొచ్చు సార్, రెండు జతలు" అన్నాడు.

సీమ_సిన్నోడు
అన్నా హెల్మెట్ లోపల పోలరైజ్డ్ పెట్టుకుంటే ఏమన్నా అవుతాదా? మూడో జతకి అడుగుతాండా.